ఇంట్లో ఒకరికి టీబీ ఉంటే మాస్కు ఎవరు పెట్టుకోవాలి, ఎలా పెట్టుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మావయ్యగారికి ఊపిరితిత్తుల టీబీ అని తెమడ పరీక్షలో తేలింది, మందులు మొదలుపెట్టి వారం కూడా కాలేదు. రెండు గదుల ఇల్లు. ఇంట్లో అత్తగారు, మీరిద్దరూ, నాలుగేళ్ల బాబు. ఎవరెవరు మాస్కు పెట్టుకోవాలి, అందరికీ ఎన్95 కొనాలా, ఉతికి వాడుకోవచ్చా, ఇలా ఎన్నాళ్లు?

నేను చాలాకాలంగా ఛాతీ వ్యాధుల వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. ఈ ప్రశ్న మా దగ్గర రోజూ ఎవరో ఒకరు అడిగేదే, కాబట్టి ముందు సూటిగా జవాబు చెప్పి, కారణాలు తర్వాత చెప్తాను.

మాస్కు మొదట పెట్టుకోవాల్సింది మావయ్యగారు. ఆయనకి మూడు పొరల మామూలు సర్జికల్ మాస్కు చాలు. ఆయనకి ఎన్95 కొనకండి. మూసి ఉన్న గదిలో ఆయన దగ్గరే ఎక్కువసేపు ఉండి చూసుకునేవాళ్లు, బహుశా అత్తగారు, మొదటి కొన్ని వారాలు ఎన్95 పెట్టుకుంటే మంచిది. బాబుకి మాస్కు పెట్టి దాన్నే నమ్ముకోవద్దు, వాడికి కావాల్సింది వేరే ఉంది, చివర్లో చెప్తాను. ఎన్95 ఉతక్కూడదు. ఎన్నాళ్లు అంటే, మందులు సరిగ్గా పనిచేస్తుంటే మామూలుగా రెండు మూడు వారాలు, అదీ డాక్టరు సరే అన్నాకే. వీటన్నిటికంటే ముందు చేయాల్సింది కిటికీలు తెరవడం.

ఇప్పుడు కారణాలు. టీబీ క్రిమి దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, గట్టిగా మాట్లాడినప్పుడు తుంపర్లతో బయటికొస్తుంది. నోట్లోంచి వచ్చే ఆ క్షణంలో తుంపర పెద్దగా, తడిగా ఉంటుంది, అందుకే మామూలు మాస్కే దాన్ని చాలావరకు పట్టేస్తుంది. గాల్లోకి వచ్చాక అందులోని నీరు క్షణాల్లో ఆరిపోయి ఒకటి నుంచి ఐదు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కణం మిగులుతుంది. అది కింద పడదు, తలుపులు మూసిన గదిలో గంటల తరబడి తేలుతూనే ఉంటుంది, ఆయన గదిలోంచి వెళ్లిపోయాక కూడా. ఆ సైజుకి వచ్చాక మీరు పెట్టుకున్న సర్జికల్ మాస్కు దాన్ని సరిగ్గా ఆపలేదు, బుగ్గల పక్క సందుల్లోంచి గాలితోపాటు లోపలికి వచ్చేస్తుంది. అంటే ఒకే క్రిమిని ఆయన నోటి దగ్గర ఆపడానికి రెండు మూడు రూపాయల మాస్కు సరిపోతుంది, మీ ముక్కు దగ్గర ఆపాలంటే ఖరీదైనది కావాలి, అదీ మొహానికి సందు లేకుండా అతుక్కుంటేనే.

ఇది నోటిమాటగా చెప్పే సంగతి కాదు. దక్షిణాఫ్రికాలో మందులకి లొంగని టీబీ రోగులున్న ఒక వార్డులో ఈ ప్రయోగం చేశారు, ఫలితాలు 2012లో వచ్చాయి. వార్డులోంచి బయటికెళ్లే గాలిని గినీ పిగ్స్ (టీబీ తేలిగ్గా సోకే చిన్న జంతువులు) ఉన్న రెండు గదుల్లోకి రోజు మార్చి రోజు పంపారు. రోగులు పగలు సర్జికల్ మాస్కులు పెట్టుకున్న రోజు గాలి ఒక గదికి, పెట్టుకోని రోజు గాలి ఇంకో గదికి. మాస్కు లేని రోజుల గాలి పీల్చిన 90 జంతువుల్లో 69కి టీబీ సోకింది, మాస్కు ఉన్న రోజుల గాలి పీల్చిన 90లో 36కి సోకింది. మామూలు సర్జికల్ మాస్కుతోనే సోకే ప్రమాదం సగానికి పైగా తగ్గింది. అలాగని ఆ 36ని మర్చిపోవద్దు. మాస్కు ఒక్కటే చాలదు అని కూడా అదే ప్రయోగం చెప్తోంది.

ఇక పెట్టుకునే పద్ధతి. సర్జికల్ మాస్కుకి రంగు ఉన్న వైపు బయటికి రావాలి, మడతలు బయట నుంచి చూస్తే కిందికి వాలి ఉండాలి, లోపల తీగ ఉన్న అంచు పైన ముక్కు మీద ఉండాలి. మధ్య పొరే వడపోసేది, బయటి పొర తడి అంటనివ్వదు, లోపలి పొర తడిని పీలుస్తుంది, అందుకే తిరగేసి పెట్టుకోకూడదు. తీగని బొటనవేలు, చూపుడువేలుతో గిల్లినట్టు నొక్కితే ముక్కు మీద కోసుగా లేచి రెండు పక్కలా సందు ఉండిపోతుంది. రెండు చేతుల చూపుడువేళ్లూ మధ్యలో పెట్టి, ముక్కు వంపుకి ఆనించి, బుగ్గల వైపు జరుపుతూ నొక్కాలి. తర్వాత మడతలు విప్పి గడ్డం కిందిదాకా లాగాలి. కళ్లజోడు ఉన్నవాళ్లకి అద్దాలు మసకబారుతున్నాయంటే పైనుంచి గాలి పోతోందనే అర్థం, మళ్లీ నొక్కుకోవాలి. బక్కచిక్కిన మొహాలకి (టీబీలో బరువు తగ్గి బుగ్గలు లోపలికి పోయినవాళ్లే ఎక్కువ) మాస్కు పక్కలకి తెరుచుకుని వేలాడుతుంది. అలాంటప్పుడు చెవి తాడుకి మాస్కు అంచు దగ్గరే ఒక ముడి వేసి, పక్కన ఉబ్బిన గుడ్డని లోపలికి మడిచేస్తే బుగ్గకి చక్కగా ఆనుతుంది. మా వార్డులో సన్నగా ఉన్న పెద్దవాళ్లందరికీ ఇలాగే వేసి ఇస్తాం.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇప్పుడు చెప్తున్నాను. దగ్గు వచ్చినప్పుడు మాస్కు కిందికి లాగకూడదు. వినడానికి ఇదేం పెద్ద విషయం అనిపిస్తుంది కానీ, వార్డులో నిలబడి చూడండి, దగ్గు రాగానే పదిమందిలో ఎక్కువమంది చెయ్యి ముందు మాస్కు మీదికే పోతుంది, కిందికి లాగి, దగ్గి, మళ్లీ పైకి పెట్టుకుంటారు. రోజంతా మాస్కు పెట్టుకున్నట్టే ఉంటుంది, అవసరమైన ఆ రెండు సెకన్లు మాత్రం ఉండదు. ఫోన్లో మాట్లాడేటప్పుడూ అంతే. ఒక తాపీమేస్త్రి మా దగ్గర ఉండేవారు, ఎన్నిసార్లు చెప్పినా దగ్గేటప్పుడు తీసేసేవారు. మెల్లగా కూర్చోబెట్టి అడిగితే, "పాడైపోతుంది కదమ్మా, ఇచ్చిందే ఒకటి" అన్నారు. ఒక్క మాస్కుతో రోజంతా గడపాలి, అది తడిసిపోతే మొహానికి ఎలా పెట్టుకోను అన్నది ఆయన బాధ. పక్క బల్ల మీద నాలుగు మాస్కులు పెట్టి, తడిసిందనిపించగానే పారేసి ఇంకోటి తీసుకోండి అన్నాం. అప్పట్నుంచి ఆయన తీయలేదు. కాబట్టి మీ మావయ్యగారికి కూడా ఒక పెట్టె కొని ఆయన చేతికి అందేచోట పెట్టండి. దగ్గు ఎక్కువగా ఉన్న ఈ రోజుల్లో పూటకొకటి మార్చాల్సి రావచ్చు, మార్చనివ్వండి. తెమడ వస్తే మాత్రం మాస్కులోనే ఉంచుకోలేరు కదా, అప్పుడు వాకిట్లోకో వరండాలోకో వెళ్లి, మూత ఉన్న డబ్బాలో ఉమ్మి, మూత పెట్టి, కొత్త మాస్కు వేసుకోవాలి. ఆ డబ్బాలో ఏ మందు పోయాలో, ఎలా పారేయాలో మీ ఏఎన్ఎం చెప్తారు.

ఆయనకి ఎన్95 వద్దన్నది ఎందుకంటే, దెబ్బతిన్న ఊపిరితిత్తులతో దాంట్లోంచి గాలి పీల్చడం కష్టం, ఆయాసం వచ్చి పది నిమిషాల్లో తీసేస్తారు, తీసేసిన మాస్కు ఎంత ఖరీదైనదైతే ఏం లాభం. ఇంకో ప్రమాదం కూడా ఉంది. ముందు గుండ్రంగా ప్లాస్టిక్ వాల్వు ఉన్న మాస్కులు బజార్లో ఎన్95 పేరుతోనే అమ్ముతారు. ఒకమ్మాయి వాళ్ల నాన్నగారి కోసం నాలుగు షాపులు తిరిగి అలాంటివే తెచ్చింది. వాల్వు ఏం చేస్తుందంటే, పీల్చే గాలిని వడపోస్తుంది, వదిలే గాలిని మాత్రం నేరుగా బయటికి పంపించేస్తుంది. జబ్బు ఉన్న మనిషి మొహాన అది ఉంటే చుట్టుపక్కలవాళ్లకి రక్షణే లేదు. కొవిడ్ రోజుల్లో, 2020 జులైలో, కేంద్ర ఆరోగ్యశాఖ కూడా ఇదే కారణంతో వాల్వు మాస్కులు వాడొద్దని రాష్ట్రాలకి రాసింది. మీ ఇంట్లో అలాంటివి ఉంటే ఆయనకి మాత్రం పెట్టకండి.

అత్తగారి ఎన్95 సంగతి. 0.3 మైక్రాన్ల సైజు కణాల్లో కనీసం 95 శాతాన్ని ఆపేదాన్ని ఎన్95 అంటారు. మన దేశంలో దాదాపు దానికి సమానమైనది ఐఎస్ 9473 ప్రకారం ఐఎస్ఐ గుర్తు, ఎఫ్ఎఫ్‌పీ2 అని రాసి ఉన్నది. చెవులకి తగిలించుకునేవాటికంటే తల వెనక్కి రెండు తాళ్లు పోయేవి మొహానికి బాగా బిగుస్తాయి: పై తాడు నడినెత్తి వెనక, కింది తాడు మెడ వెనక చెవుల కింద. పెట్టుకున్నాక రెండు చేతులూ మాస్కు చుట్టూ కప్పి గట్టిగా ఊపిరి వదిలి చూడాలి, అంచుల్లోంచి చేతికి గాలి తగిలితే సరిగ్గా కూర్చోలేదని. గడ్డం ఉన్న మగవాళ్లకి ఎన్95 అతుక్కోదు, మీవారు ఆయన్ని చూసుకుంటుంటే గడ్డం తీసేయమనండి. ఇల్లంతా తిరిగేటప్పుడు, వంట చేసుకునేటప్పుడు అక్కర్లేదు. ఆయనతో మూసిన ఆటోలోనో కారులోనో వెళ్లేటప్పుడు, తెమడ పరీక్షకి డబ్బా పట్టుకుని పక్కన నిలబడేటప్పుడు, ఆయన నిద్రలో ఉండగా ఆ గదిలోనే ఉండాల్సి వచ్చినప్పుడు తప్పకుండా పెట్టుకోవాలి.

ఉతకడం గురించి. ఎన్95 లోపలి పొరలో స్థిర విద్యుత్తు ఉంటుంది, సన్నటి కణాలని లాక్కుని పట్టుకునేది ఆ ఛార్జే. సబ్బునీళ్లు తగిలినా, శానిటైజర్ కొట్టినా అది పోతుంది, చూడ్డానికి మాస్కు తెల్లగా బాగానే ఉంటుంది, పని మాత్రం చెయ్యదు. ఇస్త్రీ కూడా చెయ్యకండి. తడవకుండా, నలగకుండా ఉంటే మళ్లీ వాడుకోవచ్చు: రెండు మూడు పెట్టుకుని, మీద పేరు రాసిన కాగితం కవర్లలో ఉంచి, ఒక్కోరోజు ఒక్కోటి తీయండి. పాలిథీన్ కవరు వద్దు, చెమ్మ లోపలే ఉండిపోతుంది. తాడు వదులైనా, ఊపిరి బరువుగా అనిపించినా పారేయడమే. సర్జికల్ మాస్కులు మాత్రం ఒకసారి వాడినవి మళ్లీ వాడకూడదు. పారేసేముందు కత్తిరించి కాగితం కవర్లో మూడు రోజులు ఉంచి పొడి చెత్తలో వేయండి. కత్తిరించకపోతే ఎవరైనా ఏరి ఉతికి అమ్మే ప్రమాదం ఉంది.

కండువా, చీరకొంగు చాలవా అని చాలామంది అడుగుతారు. చేతిలో ఇంకేమీ లేనప్పుడు దగ్గుకి కొంగు అడ్డం పెట్టుకోవడం ఏమీ లేకపోవడం కంటే మేలే. అయితే ఆ సన్నటి కణాలు గుడ్డలోంచి, పక్కల్లోంచి పోతాయి, పెట్టుకున్నవాళ్లకి టీబీ నుంచి గుడ్డ పెద్దగా రక్షణ ఇవ్వదు.

ఇప్పుడు గాలి. ఆయనకి మీ రెండు గదుల్లో ఎదురెదురుగా కిటికీ, తలుపు ఉన్న గది ఇవ్వండి. మంచం కిటికీ పక్కన వేసి, టేబుల్ ఫ్యాను ఉంటే గాలి గదిలోంచి కిటికీ వైపు పోయేలా తిప్పి పెట్టండి. దోమలని సాయంత్రం ఆరింటికే కిటికీలన్నీ బిగించేస్తాం కదా మనం, అదే ఇబ్బంది. కిటికీకి దోమల జాలీ కొట్టించండి, గాలి ఆగదు. ఏసీ ఉంటే ఈ కొన్ని వారాలు ఆపేయండి, స్ప్లిట్ ఏసీ గదిలో గాలినే తిప్పి తిప్పి వదులుతుంది. కిటికీలో పెట్టిన కూలర్ పర్వాలేదు, అది బయటి గాలి తెస్తుంది, ఎదురు తలుపో కిటికీయో తెరిచి ఉంచాలి. వరండా ఉంటే పగలంతా ఆయన కుర్చీ అక్కడే వేయండి. ఆరుబయట, మనుషులకి కాస్త ఎడంగా కూర్చున్నప్పుడు మాస్కు అక్కర్లేదు, నిద్రలో కూడా అక్కర్లేదు. ఈ సంగతి ఆయనకి తప్పకుండా చెప్పండి, ఇరవైనాలుగు గంటలూ పెట్టుకోవాలేమో అన్న టెన్షన్‌తోనే చాలామంది అసలు మానేస్తారు.

ఆయన మనసు కూడా చూసుకోవాలమ్మా. సొంత ఇంట్లో, కోడలి ముందు, మనవడి ముందు మాస్కు పెట్టుకోమంటే పెద్దవాళ్లు చిన్నబుచ్చుకుంటారు. పైగా కంచం వేరు, గ్లాసు వేరు, పక్క దుప్పట్లు వేరు అని మొదలుపెడితే ఇంక మాట్లాడటమే మానేస్తారు. కంచాలతో, బట్టలతో, ముట్టుకుంటే టీబీ రాదు. ఏదీ వేరుచేయకండి. అన్నం ఆయనకి వరండాలో పెట్టి మీరూ కాస్త ఎడంగా అక్కడే కూర్చుని తినండి. చుట్టాలు చూడ్డానికి వచ్చినప్పుడు సిగ్గుపడి మాస్కు తీసేసేవాళ్లని చాలామందిని చూశాను, కాబట్టి ఈ మూడు వారాలు చుట్టాలని ఫోన్లో పలకరించమనండి. మనవడి కోసం అని చెప్పండి. నా అనుభవంలో ఆ ఒక్క మాటకి కాదన్న తాతగారు లేరు.

ఎన్నాళ్లు అన్నదానికి ఇంకొంచెం వివరం. రోజూ మాత్రలు మానకుండా వేసుకుంటే, క్రిమి ఆ మందులకి లొంగేదే అయితే, మొదటి రెండు వారాల్లోనే ఆయన నుంచి సోకే ప్రమాదం బాగా పడిపోతుంది. సీబీనాట్ లేదా ట్రూనాట్ (తెమడలో టీబీ క్రిమిని, అది మందుకి లొంగుతుందా అన్నదీ చూసే పరీక్షలు) రిపోర్టు తీసి చూడండి, రిఫాంపిసిన్ రెసిస్టెన్స్ నాట్ డిటెక్టెడ్ అని, అంటే ముఖ్యమైన టీబీ మందు రిఫాంపిసిన్‌కి క్రిమి లొంగకపోవడం కనబడలేదని, ఉంటే ఈ లెక్క వర్తిస్తుంది. డిటెక్టెడ్ అని ఉంటే మందులూ వేరు, జాగ్రత్తలూ ఇంకా ఎక్కువ రోజులు, అప్పుడు నేను పైన రాసిన రెండు మూడు వారాలు పట్టించుకోవద్దు, డాక్టరు చెప్పిందే లెక్క. మధ్యలో రెండు మూడు రోజులు మాత్రలు మానేసినా డాక్టరుకి చెప్పాలి. మాస్కు తీసేయొచ్చు కదా అని మాత్రలు కూడా తీసేస్తారు కొందరు, దగ్గు తగ్గగానే. కోర్సు మామూలుగా ఆరు నెలలు, డాక్టరు ఆపమనేదాకా ఆపకూడదు.

అందరికీ ఎన్95లు కొనే డబ్బు ఉంటే అందులో ఎక్కువ భాగం తిండికి పెట్టండి. ఝార్ఖండ్‌లో టీబీ రోగుల ఇళ్లలో మిగతా కుటుంబసభ్యులకి అదనంగా బియ్యం, పప్పు లాంటివి ఇచ్చి చూసిన పెద్ద అధ్యయనం 2023లో వచ్చింది. అలా ఇచ్చిన ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది, ఊపిరితిత్తుల టీబీ, అదీ పరీక్షలో తేలినది, 48 శాతం తగ్గింది. గుడ్డు, పప్పు, పల్లీలు ఆయనకి ఎంత అవసరమో మీకూ అంతే. నిక్షయ్‌లో (టీబీ రోగుల వివరాలు ఉంచే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ) ఆయన పేరు నమోదై, బ్యాంకు ఖాతా ఇచ్చి ఉంటే చికిత్స ఉన్నన్నాళ్లు పోషణ కింద డబ్బు వస్తుంది, 2024 నవంబరు నుంచి అది నెలకి వెయ్యి రూపాయలు. ఇంకా పడకపోతే ఆశా కార్యకర్తని అడగండి.

చివరిగా బాబు. నాలుగేళ్ల పిల్లాడు మాస్కు సరిగ్గా ఉంచుకోడు, పెట్టామన్న ధైర్యంతో మనం వాడిని తాతగారి పక్కలో పడుకోబెట్టేస్తాం, అది ఇంకా ప్రమాదం. ఈ వారాలు వాడు వేరే గదిలో పడుకోవాలి, తాతగారితో ఆటలు వరండాలో, ఆయన మాస్కుతో. ఇంకో మాట ముక్కుసూటిగా చెప్తున్నాను: టీబీ అని తేలేసరికే ఆయన ఎన్నో వారాలుగా దగ్గుతూ ఉండి ఉంటారు, ఆ గాలే మీరంతా పీల్చారు. ఇవాళ్టి మాస్కు ఇకమీదట ఆపుతుంది కానీ, జరిగినదాన్ని వెనక్కి తేలేదు. ఐదేళ్లలోపు పిల్లల్లో క్రిమి సోకితే జబ్బుగా మారే అవకాశం ఎక్కువ, మెదడు టీబీ లాంటి తీవ్రమైనవి కూడా ఆ వయసులోనే ఎక్కువ. బీసీజీ (టీబీ టీకా) వేయించాం కదా అంటారు, అది ఆ తీవ్రమైన రకాల నుంచి చాలావరకు కాపాడుతుంది, అసలు సోకకుండా పూర్తిగా ఆపలేదు. అందుకే ప్రభుత్వ కార్యక్రమంలో ఇలాంటి పిల్లలకి జబ్బు లేదని చూసుకుని, రాకుండా ముందుజాగ్రత్త మందు ఉచితంగా ఇస్తారు. పెద్దవాళ్లయిన మీకూ పరీక్షలు చేసి, అవసరమైతే అదే ఇస్తారు.

బాబుకి దగ్గు, జ్వరం ఏమీ లేకపోయినా సరే, ఈ వారంలోనే ఇంట్లో నలుగురూ పీహెచ్‌సీకి వెళ్లండి. మావయ్యగారి నిక్షయ్ ఐడీ, రిపోర్టు, బాబు టీకాల కార్డు పట్టుకెళ్లండి, మందు డోసు బరువుని బట్టి ఉంటుంది కాబట్టి వాడిని అక్కడే తూకం వేయించండి. అక్కడ సరిగ్గా చెప్పకపోతే నిక్షయ్ సంపర్క్ 1800-11-6666 నంబరుకి ఉచితంగా ఫోన్ చేయొచ్చు. రిపోర్టులో రిఫాంపిసిన్ దగ్గర ఏం రాసి ఉందో ఇక్కడ పెడితే, మిగతా సందేహాలకి దాన్ని చూసి జవాబు రాస్తాను.